మేడారం దుమ్ము బానెట్ కిందికి చేరింది, ఇంట్లోనే కడుక్కోవచ్చా?

వడ్డేపల్లి కట్ట · ఆదివారం ఉదయం 9:10

జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. పస్రా దాటి నార్లాపూర్ దారి పట్టాక బండ్ల వెనక బండ్లు. ముందున్న బండి బ్రేక్ లైట్లు కూడా సరిగా కనబడనంత దుమ్ము. ఇంటికొచ్చాక పైపైన కడిగేశాను. వైపర్ నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తితే లోపల ఎవరో కుంకుమ చల్లినట్టుంది. బ్యాటరీ, పైపులు, ఫ్యూజ్ బాక్స్ అన్నీ ఒకే రంగు. ఇంజిన్ పైభాగంలో ఒక పక్క దుమ్ము ఆయిల్‌తో కలిసి ముద్ద కట్టింది.

2019 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, అరవై వేల కిలోమీటర్లు దాటింది. దగ్గర్లోని వాటర్ సర్వీసింగ్‌లో అడిగితే ఇంజిన్‌కి కూడా ప్రెషర్ కొట్టి, పైన డీజిల్ స్ప్రే చేసి ఇస్తామన్నారు. ఎందుకో మనసొప్పలేదు. ఇంట్లో బోరు నీళ్లు, మొక్కలకు పట్టే పైపు ఉన్నాయి. నేనే చేసుకోవచ్చా? ఎక్కడ నీళ్లు తగలకూడదు?

ఫుల్ ప్రెషర్ · 9:22

ఇంత టెన్షన్ ఎందుకన్నా. వానాకాలం హంటర్ రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లల్ల పోతలేమా? పైపు పెట్టి కొట్టు, ఎండకు పెట్టు, అయిపాయె.

ఆటోనగర్ పానా · 9:48

తమ్మీ ఫుల్ ప్రెషర్, మోకాలిలోతు నీళ్లలో పోయిన బండ్లు తర్వాత ఎక్కడికొస్తాయో నాకు తెలుసు, అవి తోసుకొచ్చేది మా షెడ్డుకే. 2023 జులైలో వరదలొచ్చినప్పుడు షెడ్డులో జాగా లేక రోడ్డు మీద పెట్టుకున్నాం.

వడ్డేపల్లి అన్నా, ఇంట్లో చేసుకోవచ్చు. కానీ నీ పనిలో ముప్పావు వంతు నీళ్లు లేకుండానే అయిపోతుంది. మేడారం దుమ్ము పొడి దుమ్ము. దాన్ని తడిపితే బురదై కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) సందుల్లోకి, బోల్టుల చుట్టూ చేరి గట్టిపడుతుంది. ముందు రెండించుల పెయింట్ బ్రష్ ఒకటి, ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని సన్న మూతి ఒకటి పట్టుకో. బ్రష్‌తో రాలుస్తూ పక్కనే వ్యాక్యూమ్ పెట్టి లాగేయ్. వ్యాక్యూమ్ లేకపోతే చేతి బ్లోయర్ అయినా సరే, కాకపోతే ముక్కుకు మాస్కు కట్టుకో.

ఇంకో మాట, పైన దుమ్ము కంటే ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. డబ్బా క్లిప్పులు తీసే ముందు మూత చుట్టూ తుడువు, లేకపోతే తెరవగానే ఆ దుమ్మంతా ఇంజిన్ పీల్చే వైపు పడుతుంది. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు. పంచరు షాపులో హవా కొట్టించడం కూడా వద్దు, ఆ ఫోర్సుకు కాగితం చిరిగినా కంటికి కనబడదు. కొద్దిగా ఉంటే నేలకు మెల్లగా తట్టి దులుపు, మడతల లోపలిదాకా ఎర్రగా ఉంటే మార్చెయ్. ఏసీ ఫిల్టర్ కూడా చూడు. చాలా బండ్లలో అది డ్యాష్‌బోర్డు డబ్బా వెనక ఉంటుంది. జాతర నుంచి వచ్చినవాళ్లు దాన్ని మర్చిపోయి, ఏసీలో గాలి రావట్లేదని మా దగ్గరికొస్తారు.

గోదావరిఖని షిఫ్ట్ · 10:15

నేను గనిలో ఎలక్ట్రికల్ పని చేస్తాను. వానలో పోతున్నాం కదా అన్న మాట ప్రతి చోటా వినబడుతుంది కాబట్టి లెక్క చెబుతాను.

బానెట్ కింద కప్లర్లలో చాలా వాటికి రబ్బరు సీలు ఉంటుంది. దాని మీద ఐపీ 67 అని ఉందనుకోండి, అంటే నీళ్లు, దుమ్ము ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్. మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి రాదని అర్థం. మీటరు లోతులో నీటి ఒత్తిడి 0.1 బార్. ఇళ్లలో వాడే చిన్న ప్రెషర్ వాషర్ పంపు దగ్గర 100 బార్ దాటుతుంది. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, నిజమే. కానీ జానెడు దూరం నుంచి కొడితే సీలు అంచు పక్కకు తొలగడానికి అది చాలు. ప్రెషర్ నీళ్లకు తట్టుకుంటుందా అన్నదానికి ఐపీ 69కే అని వేరే పరీక్ష ఉంది. 67 పాసైనంత మాత్రాన అది పాసైనట్టు కాదు.

పైగా ఇవన్నీ కొత్త సీళ్ల లెక్కలు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి ఉంటుంది. లోపలికి పోయిన నీళ్లు ఆ రోజే పాడుచేయవు. పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి, ఆర్నెల్లకు డ్యాష్‌బోర్డులో ఏదో ఒక హెచ్చరిక లైటు వెలుగుతుంది. అప్పటికి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఫుల్ ప్రెషర్ · 10:21

సరే సరే, ప్రెషర్ వద్దు. మరి డీజిల్ స్ప్రే? మా దగ్గర అందరూ కొట్టిస్తారు. ఇంజిన్ కొత్తదాని లెక్క నిగనిగలాడుతది.

కాజీపేట డీజిల్ · 10:50

రెండు రోజులు నిగనిగలాడుతుంది బాబూ. మూడో రోజు చూడు. డీజిల్ ఆరిపోయేది కాదు, పల్చటి జిడ్డు పొరగా ఉండిపోతుంది. రోడ్డు మీద దుమ్మంతా వచ్చి దాన్నే పట్టుకుంటుంది. అంటే డబ్బులిచ్చి దుమ్ముకు జిగురు పూయించుకున్నట్టు. పైగా రబ్బరు పైపులు, బుష్‌లు రోజూ డీజిల్ తాగితే ఉబ్బి మెత్తబడతాయి. డీజిల్ పైపుకు వాడే రబ్బరు వేరు, మామూలు రబ్బరు వేరు.

నేను లోకో షెడ్డులో జీవితమంతా గడిపినవాణ్ణి, డీజిల్ మీద నాకు పగేమీ లేదు. ఇనుప భాగాన్ని విప్పి బయట ట్రేలో పెట్టి డీజిల్‌తో కడిగితే శుభ్రంగా వస్తుంది. బండిలో ఉన్న ఇంజిన్ మీద పోయడం వేరు.

కిరోసిన్, పెట్రోల్ గురించి కూడా చెబుతాను, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. పెట్రోల్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. అది గాలి కంటే బరువు, పైకి పోదు. బండి కిందా, పోర్టికోలో నేల మీదా పాకుతుంది. ఆ పక్కన మోటారు స్విచ్ వేసినా చాలు. కిరోసిన్ సుమారు 38 డిగ్రీల దగ్గర అంటుకునే ఆవిరి ఇస్తుంది. మన ఓరుగల్లు మే నెల ఎండ 43 దాకా పోతుంది, ఇంజిన్ వేడి దాని మీద ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ రెండూ ఇంజిన్ దగ్గరికి రానివ్వొద్దు.

జనగామ టీచరమ్మ · 11:05

మా ఇంట్లో బాత్‌రూమ్ యాసిడ్ కొద్దిగా కలిపి రుద్దితే బాగా పోతుందని మా మరిది అంటున్నాడు. నిజమేనా అన్నా?

ఆటోనగర్ పానా · 11:12

వద్దక్కా. ఇంజిన్‌లో సగం అల్యూమినియం. యాసిడ్ దాన్ని తినేస్తుంది, తెల్లగా గుంతలు పడతాయి. కాస్టిక్ సోడా కూడా అంతే. నీళ్లలో కలిసే, జిడ్డు వదిలించే డీగ్రీజర్ అని స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, డబ్బా మీద రాసినట్టు పల్చన చేసి వాడాలి. మామూలు జిడ్డుకు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లు, గుడ్డ సరిపోతాయి.

వడ్డేపల్లి కట్ట · 11:30

అందరికీ థ్యాంక్స్. పొడి దుమ్ము పని మొదలుపెట్టాను. ఎయిర్ ఫిల్టర్ చూశాక జాతరలో మేం తిన్న బెల్లం కంటే ఇంజిన్ తిన్న మట్టే ఎక్కువనిపించింది. కొత్తది తెప్పిస్తున్నా.

ఇప్పుడు ఆ ఆయిల్ ముద్ద ఉన్న చోట మాత్రం తడి పని తప్పదు. దాని పద్ధతి కొంచెం వివరంగా చెప్పగలరా పానా అన్నా?

ఆటోనగర్ పానా · 12:20

అన్నం తిని కూర్చున్నా, చెబుతా.

బండి ఆపి కనీసం రెండు గంటలు కావాలి. వేడి మెటల్ మీద చల్లని నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంటుంది. అంతకంటే ముందు సైలెన్సర్ మొదట్లో మానిఫోల్డ్‌కు చేయి తగిలితే తోలు ఊడుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలో తిప్పొద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటుంది, మూత వదులవగానే మొహం మీదికి ఎగజిమ్ముతుంది. నీడలో చెయ్యి. ఎండలో డీగ్రీజర్ ఆరిపోయి మరకలు కడుతుంది.

తాళం తీసి జేబులో పెట్టుకో. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. తర్వాత పది నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పు. నెగటివే ముందు. ఎందుకంటే పాజిటివ్ విప్పుతుంటే పానా పోయి బాడీకి తగిలిందనుకో, నిప్పులు లేస్తాయి. నెగటివ్ ముందే తీసేస్తే ఆ భయం లేదు. విప్పిన వైరు కొసకు గుడ్డ చుట్టి పక్కకు వంచు. గడియారం, అద్దాల ఆటో బటన్ మళ్లీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది, అదేం పెద్ద పని కాదు.

ఇక కప్పాల్సినవి. ఆల్టర్నేటర్ మొదటిది. పాత మేస్త్రీలు డైనమా అంటారు. దానికి గాలి ఆడటానికి చుట్టూ కిటికీల్లాంటి సందులుంటాయి, నీళ్లు నేరుగా లోపలికే. ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా), ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతి, పెట్రోల్ బండికైతే పైన ఇగ్నిషన్ కాయిల్స్, ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్. పాల ప్యాకెట్ల కవర్లు, కూరగాయల సంచులు ఏవైనా సరే, రబ్బరు బ్యాండుతో బిగించు. అల్యూమినియం ఫాయిల్ వాడేవాళ్లున్నారు, బ్యాటరీ దగ్గర అది పెడితే షార్టే.

ఆయిల్ ముద్దను ముందు ఐస్‌క్రీం పుల్లతో గీకెయ్. మెటల్ స్క్రూడ్రైవర్ వద్దు. తర్వాత డీగ్రీజర్‌ని నేరుగా కొట్టకుండా బ్రష్ మీద కొట్టుకుని రుద్దు. మూడు నాలుగు నిమిషాలు ఆగు, ఆరనివ్వకు. ఆ తర్వాత పైపు కాదు, మొక్కలకు కొట్టే చేతి స్ప్రే బాటిల్‌తో కొంచెం కొంచెం నీళ్లు, వెంటనే గుడ్డ. మరీ జిడ్డుంటే రెండోసారి. అంతే తప్ప పైపు వదిలి ముంచొద్దు. కింద అట్టముక్కలు, పాత గోనె పరచుకో, కారిన నల్లనీళ్లు వాటిలోకి ఇంకుతాయి. ఆ నీళ్లు మోరీలోకి పోతే చివరికి చేరేది చెరువుకే, నీది చెరువు పక్కిల్లు కూడా.

కరీంనగర్ రాయి · 12:41

నీళ్ల సంగతి ఎవరూ అనలేదు. బోరు నీళ్లు గట్టివైతే ఆరాక నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మచ్చలు పడతాయి, మా దగ్గర అదే గోల. నల్లా నీళ్లు వస్తే అవి వాడండి. నేను ఆర్ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లను బకెట్‌లో పడుతున్నా, వృథా ఎందుకని. అవి వాడొచ్చా?

గోదావరిఖని షిఫ్ట్ · 12:55

వద్దు అన్నా. ఆర్ఓ వదిలేసే నీళ్లలో ఉప్పులు మామూలు నీళ్ల కంటే ఎక్కువ. తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. నేల కడగండి, ఇంజిన్‌కు మాత్రం వద్దు. రేడియేటర్‌లో అసలే పోయొద్దు.

పరకాల పత్తిచేను · మధ్యాహ్నం 2:30

ఆలస్యంగా వచ్చిన. మా దిక్కు దుమ్ముతో పాటు పత్తి నూగు ఇంకో బాధ. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా ఏనుమాముల మార్కెట్ దారిలో పత్తి ట్రాక్టర్ల వెనక పోతే ఆ నూగంతా ముందు జాలిలకు చేరుతది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యల దుప్పటి తీరుగ పేరుకుంటది. బయటి నుంచి చూస్తే తెల్వదు. ఎండాకాలం ట్రాఫిక్‌ల టెంపరేచర్ ముల్లు పైకి పోయినప్పుడు తెలుస్తది.

దానికి మాత్రం నీళ్లు కావాలె. కానీ ఇంజిన్ దిక్కు నుంచి బయటికి కొట్టాలె, మెల్లగ. ముందు నుంచి కొడితే నూగు ఇంకా లోపలికి కుక్కుకుంటది. రేడియేటర్ రెక్కలు రేకు కంటే పల్చన, ప్రెషర్ తగిలితే పండుకుంటయి. వంగినయి మళ్లా లేపడం ఒక్కొక్కటే దువ్వుడు, పొద్దంతా పడతది.

ఇంకోటి, వైపర్ల కింద ప్లాస్టిక్ జాలి ఉంటది కదా, అండ్ల యాపాకు నిండుతది. ఆ మూలల నీళ్లు పోయే బొక్క మూసుకుపోతే వానాకాలం నీళ్లు బ్లోయర్‌లకెళ్లి కాళ్ల కాడికి వస్తయి. చెట్టు కింద బండి పెట్టేటోళ్లు అది తప్పక చూసుకోండి.

జనగామ టీచరమ్మ · 2:52

మా బానెట్ లోపల మెత్తటి బట్ట చింపి ఎలుకలు గూడు పెట్టాయి. పక్కనే వరికోతలు అయ్యాయి. దాన్ని చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుందా?

కాజీపేట డీజిల్ · 3:10

పొడిగా ఊడ్చకమ్మా. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి, పొడి పెంట దుమ్ము పీల్చినా మంచిది కాదు. చేతులకు తొడుగులు, మాస్కు వేసుకుని, నీళ్లలో కొద్దిగా బ్లీచింగ్ కలిపి గూడు మీద చిలకరించు. పది నిమిషాలు నాననిచ్చి తడిగానే తీసి కవర్లో కట్టెయ్. బ్లీచింగ్ నీళ్లు వైర్ల మీద, అల్యూమినియం మీద నిలవనివ్వకు, మంచినీళ్ల గుడ్డతో తుడిచెయ్.

ఆ పని కాగానే వైర్లన్నీ లైటు వేసి చూడండి. పైతొడుగు కొరికి లోపలి రాగి కనబడితే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి. నీళ్లు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

ఫుల్ ప్రెషర్ · 3:15

పొగాకు కట్టలు పెడితే ఎలుకలు రావంటారు కదా?

ఆటోనగర్ పానా · 3:24

పొగాకు కట్ట పక్కనే గూడు కట్టిన ఎలుకల్ని చూసినా. ప్రసాదం కొబ్బరిముక్కలు, బిస్కెట్ పొడి బండిలో మిగలనీయకపోవడం దానికంటే నయం. కుదిరితే రాత్రి బానెట్ కొద్దిగా ఎత్తి పెట్టండి, వెలుతురు, చల్లదనం ఉంటే అవి అంతగా ఉండవు.

వడ్డేపల్లి కట్ట · సాయంత్రం 5:40

పని దాదాపు అయిపోయింది. బ్యాటరీ పాజిటివ్ మీద తెల్లగా, కొంచెం నీలంగా పొడి పట్టి ఉంది. అది కూడా ఇప్పుడే తీసేయాలా? ఆయిల్ ముద్ద పోయాక చూస్తే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) అంచు వెంట సన్నటి తడి గీత మళ్లీ వస్తున్నట్టుంది. ఇదివరకు దుమ్ము కిందే దాగి ఉన్నట్టుంది.

ఆటోనగర్ పానా · 6:05

కడిగితే లాభం అదే అన్నా, మెరుపు కాదు. జిడ్డులో ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ అంచు తుడిచి పొడిగా పెట్టు, వారం తిరిగాక మళ్లీ చూడు. అదే గీత వస్తే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడినట్టు. ఖరీదైన పనేం కాదు, కానీ వదిలేస్తే ఆయిల్ స్పార్క్ ప్లగ్గుల గుంతల్లోకి దిగి మిస్సింగ్ కొడుతుంది, అంటే ఇంజిన్ సరిగా మండక కుదుపుతుంది. కింద వేడి మానిఫోల్డ్ మీద పడితే కాలిన వాసన, పొగ. అంతవరకు ఆయిల్ లెవల్ చూసుకుంటూ ఉండు.

బ్యాటరీ పొడికి గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా. నెగటివ్ ఎలాగూ తీసే ఉంది కాబట్టి ఇప్పుడు పాజిటివ్ కూడా తీసి, పాత టూత్‌బ్రష్‌తో ఆ నీళ్లు రుద్దు. బుసబుసా పొంగుతుంది, భయపడకు, యాసిడ్ చస్తోందన్నమాట. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు. బ్యాటరీ మీద మూతలుంటే ఆ సోడా నీళ్లు లోపలికి పోనివ్వొద్దు. దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ వద్దు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. తుడిచి ఆరబెట్టి పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించు. పైన పెట్రోలియం జెల్లీ పల్చగా పూయి.

స్టార్ట్ చేసే ముందు కవర్లన్నీ తీశావా లేదా లెక్కపెట్టుకో. బెల్టుకు కవర్ చిక్కితే పెద్ద గోల. ప్లగ్గుల గుంతల్లో తడి ఉందేమో టార్చి వేసి చూసి బ్లోయర్‌తో ఊదెయ్. తర్వాత బానెట్ ఎత్తి ఉంచి పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో పెట్టు, మిగిలిన తేమ ఇంజిన్ వేడికి ఆరిపోతుంది. మూసిన గ్యారేజీలో కాదు, బయట. ప్లాస్టిక్ మెరవాలని టైర్ పాలిష్, సిలికాన్ స్ప్రే కొట్టాలనిపిస్తుంది. కొడితే గుడ్డ మీద కొట్టుకుని పూయి, బెల్టు మీద పడితే జారి కీచుమంటుంది.

గోదావరిఖని షిఫ్ట్ · 6:18

స్టార్ట్ అయ్యాక చెక్ లైటు వెలిగితే కంగారుపడి తిరగొద్దు. ఆపి, కాయిల్ కప్లర్లు ఒక్కొక్కటి లాగి లోపల తడి చూసుకోండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనిస్తే చాలావరకు పోతుంది. లైటు ఆరి ఆరి వెలుగుతోందంటే మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టు, అలాగే నడిపితే సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ కాలిపోతుంది.

మంథని గట్టు · రాత్రి 8:02

చదువుతూ వచ్చాను, చాలా పనికొచ్చింది. నాది హైబ్రిడ్ బండి. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా? 12 వోల్టుల బ్యాటరీ తీసేస్తే సరిపోతుందా?

గోదావరిఖని షిఫ్ట్ · 8:20

బానెట్ కింద నారింజ రంగు తొడుగు ఉన్న లావు కేబుళ్లు కనబడుతున్నాయా? అవి హై వోల్టేజ్. చిన్న బ్యాటరీ తీసినంత మాత్రాన వాటిని ముట్టుకోవచ్చని అనుకోవద్దు. బండి పూర్తిగా ఆఫ్ చేయండి, స్మార్ట్ కీ దూరంగా పెట్టండి. రెడీ మోడ్‌లో ఉంటే ఇంజిన్ చప్పుడు లేకుండా ఉండి ఒక్కసారిగా తిరుగుతుంది. తడి పని వద్దు. పొడి బ్రష్, కొద్దిగా తడిపి గట్టిగా పిండిన గుడ్డ, అది కూడా ప్లాస్టిక్ మూతల మీద వరకే. నారింజ వైర్ల చుట్టూ ఎలుక కొరికిన గుర్తుంటే మా లాంటి ఎలక్ట్రీషియన్లు కూడా చేయి పెట్టరు, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

మంథని గట్టు · 8:26

ఉన్నాయన్నా, రెండు లావు నారింజ కేబుళ్లు ఉన్నాయి. బ్రష్ మాత్రమే వాడతాను.